కౌసల్యమ్మ ఎంగిలి చెయ్యి

కౌసల్యమ్మ గోళ్లు కొరికేది. ఇందులో దాచాల్సిందేమీ లేదు, ఆమె కూడా ఎన్నడూ దాచలేదు. దాచుకోవడానికి అసలు గోళ్లుంటే గదా! పది వేళ్ల కొసలూ ఎర్రగా ఉబ్బి, నానబెట్టి పొట్టు తీసిన చిక్కుడు గింజల్లా ఉండేవి.

ఆమె పుట్టింది మునుగోడు దిక్కు ఒక పల్లెలో. అక్కడి ఫ్లోరైడు నీళ్లు తాగి కొందరికి మోకాళ్లు వంకరపోయాయి, కొందరికి నడుములు బిగుసుకుపోయాయి. కౌసల్యమ్మను మాత్రం పళ్లు పచ్చచేసి వదిలిపెట్టాయి. పచ్చబడ్డాయే గాని వాటి పదును తగ్గలేదు. ఆ పదునంతా గోళ్ల మీదే చూపించేది.

పెళ్లయి లింగస్వామి ఇంటికి వచ్చాక ఆ ఇంట్లో ఏది చెడినా ఆమె గోళ్ల మీదికే వచ్చేది. బోరులో నీళ్లు పడకపోతే గోళ్లు. బర్రె వట్టిపోతే గోళ్లు. చివరికి మామ కల్లు తాగి గట్టు మీద నుంచి జారిపడ్డా గోళ్లే. "గోళ్లు కొరికే ఆడది కొంపల ఉంటె లచ్చిమి గడపల కూడ నిలవడది" అని అత్త బుచ్చమ్మ ఊరందరికీ వినపడేట్టు అనేది. బుచ్చమ్మ గొంతు సంగతి తెలిసినవాళ్లు, లక్ష్మి నిలవకపోవడానికి వేరే కారణాలు కూడా ఉండవచ్చని అనుకునేవాళ్లు గాని, పైకి ఎవరంటారు?

దరిద్రం మాటెలా ఉన్నా, ఎంగిలి మాటే కౌసల్యమ్మకు ఎక్కువ మంట. నోట్లో పెట్టిన వేలు ఎంగిలి వేలు. ఆ వేలు తగిలిందల్లా ఎంగిలే. కట్టెలు ఎగదొయ్యవచ్చు, అంట్లు తోమవచ్చు, గరిటె తిప్పవచ్చు. కాని చేత్తో కలిపే పని ఏదీ ఆమెకు లేదు. పిండి తడపకూడదు, పచ్చడి కలపకూడదు, పాలు తోడుపెట్టకూడదు. ఇంటి కోడలై ఉండి, వండిన అన్నంలో చెయ్యి పెట్టే అధికారం లేకుండా బతకడం అంటే ఏమిటో, అది పడ్డ ఆడదానికి చెప్పక్కర్లేదు, పడనిదానికి చెప్పినా తెలియదు.

లింగస్వామికి ఆర్టీసీలో డ్రైవరు పని దొరికాక సంసారం కొత్తపేటకు మారింది. పండ్ల మార్కెట్ వెనక రెండు గదుల కిరాయి ఇల్లు. బట్టల మూటల మీద బుచ్చమ్మ కూడా కూర్చుని వచ్చింది. కౌసల్యమ్మ చైతన్యపురిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరింది. హాస్టల్ యజమాని శేషారత్నం గారిది తెనాలి. మనిషి మంచిదే గాని కళ్లు మరీ చురుకు.

"ఏమ్మా కౌసల్యా, మళ్లీ నోట్లో వేలేనా? పిల్లలు చూస్తే అన్నం మానేస్తారు తల్లీ!"

"తీసిన అమ్మా, తీసిన."

"తీశావు సరే, ఆ చేత్తో పిండి ముట్టుకోకు. రెబెక్క కలుపుతుందిలే."

రెబెక్క ఆ వంటింట్లో ఆమెకు తోడు. అక్కడా అదే బతుకు. సాంబారు కౌసల్యమ్మది, కూర కౌసల్యమ్మది, మూడో అంతస్తు పిల్లలు మెట్లు దిగి వచ్చేది కౌసల్యమ్మ పోపు వాసనకే. కాని శుక్రవారం పులిహోర కలిపే వేళకు శేషారత్నం గారు గాజులు మోచేతి దాకా ఎగదోసుకుని తానే కూర్చునేది. పులిహోరకు గరిటె పనికిరాదు. గరిటె పెడితే మెతుకు విరిగి ముద్దవుతుంది. చాప మీద తెల్లగుడ్డ పరిచి, వేడన్నం కుమ్మరించి, చింతపండు గుజ్జు పోసి, చేత్తో అడుగు నుంచి పైకి తేవాలి. పోపు పెట్టింది కౌసల్యమ్మ, పులుపు చూసింది తాను, ఉప్పు వేసింది తాను. చెయ్యి పెట్టేది మాత్రం ఇంకొకరు. తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉండేది కౌసల్యమ్మ. చూస్తూ మళ్లీ వేలు కొరికేది.

ఆ రోజుల్లోనే సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులన్నీ డిపోలో నిలిచిపోయాయి. లింగస్వామి ఇంట్లో బనీనుతో తిరుగుతూ అడ్డమైన వంటలన్నిటికీ వంక పెట్టేవాడు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డు మీద ఎక్కడ చూసినా టెంట్లు, మైకులు, డప్పులు. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర చాయ్ బండి నడిపే సైదులు బస్తీకి పెద్దమనిషి అయ్యాడు. సైదులు లింగస్వామికి ఊరివాడు, వరసకు తమ్ముడు. ఒక పొద్దున నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వాకిట్లోకి వచ్చాడు.

"వదినా, వచ్చే ఐతారం చౌరస్తల వంటా వార్పు. రోడ్డు మీదనే పొయ్యి, రోడ్డు మీదనే తిండి. బస్తీ అంతా వస్తది. పులిగోర నువ్వే చెయ్యాలె. నీ పోపు వాసన అవతలి బస్తీ దాకా పోతది."

కౌసల్యమ్మ నోరు తెరిచేలోగా గడప మీద కూర్చుని వక్కలు నములుతున్న బుచ్చమ్మ అందుకుంది.

"పోపు పెట్టమను, పెడతది. కలుపుడు మాత్రం ఇంకెవల్నన్న చూసుకోరా సైదులు. దాని చెయ్యి ఎంగిలి చెయ్యి. ఊరందరికి దాని ఎంగిలి తినిపిస్తవా? గట్లనన్న తెలంగాణ ఒస్తదనుకున్నవా?"

వచ్చిన ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. లింగస్వామి బనీను సర్దుకున్నాడు. పెళ్లాం పక్షాన ఒక మాట అనడానికి అతనికి ఎప్పుడూ బనీనే అడ్డం వచ్చేది.

కౌసల్యమ్మ వేలు నోటిదాకా వచ్చి ఆగింది.

"సైదులు, పులిగోర నేనే చేస్త. నేనే కలుపుత. ఐతారం దాకా ఈ వేలు నోట్లకు పోతె, అందరి ముంగట నా తల గొరిగియ్యి."

"వాడు గొరిగిచ్చుడు ఎందుకే, నేనే గుండు కొట్టిస్త" అంది బుచ్చమ్మ.

అన్నంత తేలిక కాదది. ముప్పై ఏళ్ల అలవాటు. ఎవరూ పిలవకపోయినా వేలు తానే నడిచి నోటికి వస్తుంది. ఆ మాట రెబెక్కకు చెప్పుకుంది. చౌటుప్పల్ దగ్గరి పల్లె నుంచి వచ్చింది, ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషి.

"మా బిడ్డ జోస్నా పాలు చీకుడు మానకుంటె ఏం చేసిన్నో ఎరికేనా అక్కా? మూసాంబరం రాసిన. ఒక్క దినం ఏడ్చింది, మళ్ల పెట్టలే."

"పాలు మాన్పించేదా?"

"గదే. పెద్దోళ్లకు కూడ పనిచేస్తది. జరంత రాస్కో, గంతే. బియ్యపు గింజంత."

పచారి కొట్టులో నల్లగా, గాజుముక్కలా ఇచ్చారు దాన్ని. చేదులో దాన్ని మించింది లేదు. తల్లులు రొమ్ముకు రాసి పిల్లలకు పాలు మాన్పించేది దానితోనే. కౌసల్యమ్మకు బియ్యపు గింజంత అంటే ఎక్కడ ఆనుతుంది? పట్టుదల గల మనిషి. నీళ్లలో చిక్కగా అరగదీసి రెండో కణుపు దాకా పూసుకుంది. బుచ్చమ్మ ఓరకంట చూసి, "కుక్క తోకకు గొట్టం కట్టినట్టున్నది" అని తన వక్కలు తాను నమిలింది.

మొదటి రోజు చేదుకు కౌసల్యమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండోనాడు వాంతి వచ్చినంత పనయింది. తరువాత తరువాత ఏమైందంటే, అది ఆమెకు అలవాటయిపోయింది! గోరు కొరకలేదన్నది నిజమే, మాట మాటే. కాని వేలు కొస పెదవికి ఆనిస్తూనే ఉంది. ఆ చేదు నాలుకకు పట్టి, చాయ్ తాగినా చారు తిన్నా తేడా తెలియకుండా పోయింది. అది అప్పుడు ఆమె గమనించలేదు.

బస్తీ అంతటికీ అన్నం వండేంత పెద్ద గుండిగ అక్కడ ఎవరి దగ్గరా లేదు. శేషారత్నం గారిని అడగడానికి పోయింది.

"మమ్మల్ని పొమ్మనడానికే కదమ్మా మీ వంట? మళ్లీ గుండిగ మాత్రం మాదే కావాలా?"

"మిమ్మల్ని పొమ్మంటె నాకు పని ఎవలిస్తరమ్మా? మా రాష్ట్రం మాకు కావాలంటున్నం. గుండిగ మాత్రం పెద్దది మీ దగ్గరనే ఉన్నది. అందుకే మీ దగ్గరికి ఒచ్చిన."

శేషారత్నం గారు కాసేపు ఆమెను ఎగాదిగా చూసి, తర్వాత నవ్వింది. "నీ నోరు నోరు కాదే. తీసుకుపో. సొట్ట పడిందో, నీ జీతంలో కాదు, నీ నెత్తిన పడుతుంది సొట్ట."

ఆదివారం పొద్దెక్కేసరికి చౌరస్తా నిండిపోయింది. విజయవాడ రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు. ఒకచోట పప్పు, ఒకచోట వంకాయ, పిల్లల గోల, డప్పుల మోత. కౌసల్యమ్మ అన్నం వార్చింది. చాపలు వేసి ఉతికిన తెల్లగుడ్డ పరిచారు. పొగలు కక్కే అన్నం కుమ్మరించారు. వేళ్లు నీళ్లతో కడుక్కుని, పైట నడుముకు బిగించి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ అన్నంలో పెట్టింది.

ఆ క్షణాన ఆమె ముఖం చూసినవాళ్లు ఇప్పటికీ చెబుతారు. చుట్టూ నినాదాలు హోరెత్తుతుంటే ఆమెకు ఒక్కటీ వినపడలేదు. చేతులు కాలుతున్నా తెలియలేదు. అడుగు నుంచి పైకి, అడుగు నుంచి పైకి. మెతుకు మెతుక్కీ పసుపు పట్టింది. ఉప్పు చూద్దామని నాలుగు మెతుకులు నోట్లో వేసుకుంది. బాగానే ఉందనుకుంది. ఎందుకనుకోదు? వారం నుంచి ఆమె నాలుకకు లోకమంతా అదే రుచి!

మొదటి విస్తరి మెడలో తువ్వాలు వేసుకున్న ఒక నాయకుడికి పెట్టారు. ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ముఖం ముడుచుకుపోయింది. తుపుక్కున రోడ్డు మీద ఉమ్మేశాడు. పక్కనున్నవాడు, ఆ పక్కవాడు, అందరూ ఉమ్మడమే.

"చేదు! ఇషం లెక్క ఉన్నది!"

"గుండిగ ఎవలిది?" అని ఎవరో అడిగారు.

"చైతన్యపురిల ఆంధ్రామె హాస్టల్ది."

అంతే. ఇక చెప్పేదేముంది? తువ్వాలాయన లేచి నిలబడ్డాడు. "ఆంధ్రోళ్ల గుండిగ తెచ్చి మనకు బువ్వ వండుతరా? ఏం పూసి పంపిందో! మనల్ని సంపేతందుకే! పదుండ్రి, హాస్టల్ కాడికి పోయి అడుగుదం!"

కొందరు లేచారు. ఎవడి చేతిలోనో పొయ్యి రాయి ఒకటి కనబడింది. హాస్టల్లో సెలవులకు ఇంటికి పోలేని పిల్లలు ఉన్నారు, శేషారత్నం గారు ఒంటరి మనిషి. సైదులు "ఆగుండ్రన్నా, ఆగుండ్రి" అంటున్నాడు గాని వినేదెవరు?

కౌసల్యమ్మకు ఏమీ అర్థం కాలేదు. అలవాటు కొద్దీ వేలు నోటికి పోయింది. పసుపు, పులుపు, ఆ కింద... అప్పుడు తెలిసింది. పగిలిన వేళ్ల సందుల్లో, గోళ్లు లేని గుంతల్లో ఇరుక్కున్న మూసాంబరం వేడన్నానికి కరిగి దిగిపోయింది.

ఆమె ముఖం చూసి బుచ్చమ్మ కూడా కనిపెట్టేసింది. ముసలిదే గాని మెదడు ముసలిది కాదు. గబగబా వచ్చి కోడలి చెవిలో మూతి పెట్టింది.

"నోరు మూస్కో. ఎవలకు చెప్పకు. గా ఆంధ్రామె మీదికి పోయింది, పోనియ్యి. మనింటి పరువు దక్కుతది."

మంచి మాటే. ఏమీ చెయ్యనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఊరుకోవడం కౌసల్యమ్మకు కొత్తా? నాన్న కొట్టినప్పుడు ఊరుకుంది. అత్త అన్నప్పుడు ఊరుకుంది. మొగుడు బనీను సర్దుకున్నప్పుడు ఊరుకుంది. ఊరుకున్న ప్రతిసారీ నోటికి వచ్చిన మాటను లోపలికి నెట్టడానికి ఒక వేలు పెట్టుకునేది, మాటకు బదులు గోరు నమిలేది. అదీ ఆమె గోళ్ల కథ. ఇప్పుడూ వేలు పళ్ల మధ్యే ఉంది.

ఆమె వేలు బయటికి తీసింది.

"ఓ తువ్వాలన్నా! ఆగు! రాయి కింద పెట్టు!"

మైకు కంటే గట్టిగా వచ్చింది ఆ గొంతు. ఇన్నాళ్లు వాడకుండా దాచిపెట్టిన గొంతు కదా!

"గుండిగల ఏం లేదు. చేదు నా చేతుల ఉన్నది. నేను గోళ్లు కొరుకుత. మానుదామని మూసాంబరం పూస్కున్న. గది బువ్వల కలిసింది. ఇషం కాదు, పసిపిల్లలు నాకేది, ఎవ్వలు సావరు. గా ఆడమనిషి గుండిగ ఇచ్చింది, గంతే. నా తప్పుకు ఇంకొకల ఇంటి మీదికి పోతరా?"

రెండు చేతులూ పైకెత్తి చూపింది. పసుపు చేతులు, గోళ్లు లేని వేళ్లు. ఎవరో పక్కున నవ్వారు. "ఛీ ఛీ, ఎంగిలి చేతులతోనా కలిపింది?" అంది ఒకావిడ.

"అవు, ఎంగిలే! మన బువ్వ ఎవలో కలిపి, ఎవలో వడ్డిస్తె మనం తినాల్నా అని గదా రోడ్డెక్కినం? మరి నా బువ్వల నేను చెయ్యి పెట్టద్దని మీరెట్లంటరు? మీకొక నాయం, నాకొక నాయమా? బియ్యం ఉన్నయా సైదులు?"

"ఉన్నయ్ వదినా."

"పొయ్యి మీద పెట్టు. మళ్ల కలుపుత. తినేటోళ్లు తినుండ్రి, తిననోళ్లు పోయి ఎండల నిలబడుండ్రి."

రాయి ఎవరు కింద పెట్టారో కనబడలేదు గాని పొయ్యి కింద మళ్లీ మూడు రాళ్లూ కుదిరాయి.

ఆ ఆదివారం చర్చి మాని వచ్చిన రెబెక్క ఆమె చేతులు పట్టుకుని చింతపండుతో, ఉప్పుతో, బూడిదతో తోమింది. గుంతల్లో దబ్బనం పెట్టి గోకింది. ఆ తర్వాత ఒక్కో వేలికీ నాలుగు మెతుకులు రుద్ది తాను తిని చూసింది. "బొటనేలు ఇంక చేదున్నదక్కా" అని మళ్లీ తోమింది. కౌసల్యమ్మ నొప్పికి పళ్లు కొరుకుతూ కూర్చుంది. పళ్లే, గోళ్లు కాదు.

అన్నం ఉడికేదాకా చౌరస్తాలో ఉన్న కళ్లన్నీ ఆ చేతుల మీదే. ఎప్పుడు నోట్లో పెడుతుందా అని చూశారు. ఆమె చేతులు మోకాళ్ల మీద ఎండకు ఆరబెట్టి మాట్లాడింది. తువ్వాలాయనకు, చూసీ చూడకుండా రాళ్లెత్తకూడదని చెప్పింది. నవ్విన ఆవిడకు, ఆమె ఇంటి జల్లెడలో ఉన్న పురుగుల గురించి గుర్తుచేసింది. వెనకాల నిలబడ్డ లింగస్వామిని పిలిచి, "బనీను బాగనే ఉన్నది తియ్, మాట రాదా నీకు? నీళ్లు తెచ్చిపొయ్" అంది. అతను తెచ్చిపోశాడు. మాట్లాడినంతసేపూ చేతులు మోకాళ్ల మీద నుంచి కదలలేదు. ఆ సంగతికి ముందు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

రెండో విడత సగం కలిపిందో లేదో పోలీసులు వచ్చారు. వ్యానులు ఆగాయి. ఎస్సై కుర్రవాడు, మర్యాదగానే అడిగాడు.

"లేవండమ్మా, రోడ్డు ఖాళీ చేయాలి. వ్యానెక్కండి."

"కలుపుడు కానియ్యి బిడ్డా. సగం కలిపింది ఇడిచిపెడితె ఒకదిక్కు ఉప్పు, ఒకదిక్కు పులుపు అయితది."

"అమ్మా, ఇది అరెస్టు!"

"చెయ్యి, ఎవలొద్దన్నరు? చేతులకు బువ్వున్నది. ఎక్కడ పట్టుకుంటవో పట్టుకో."

ఆడ కానిస్టేబుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె నిదానంగా కలపడం ముగించి, గుడ్డ నాలుగు మూలలూ తెచ్చి ముడివేసి, పులిహోర మూటను రెబెక్కతో చెరో దిక్కు పట్టుకుని వ్యానెక్కింది. తమాషా చూడటానికి వచ్చిన బుచ్చమ్మను కూడా ఉద్యమకారిణి అనుకుని ఎక్కించేశారు. "నేను గీళ్లతోని లేను సారూ" అని ముసలిది మొత్తుకుంది. అందరూ అలాగే అంటారని తలుపు వేసేశారు.

పెద్ద అంబర్‌పేట్ అవతల ఏదో ఫంక్షన్ హాలు ఆవరణలో అందరినీ దింపి, సాయంత్రం దాకా కూర్చోమన్నారు. విస్తర్లు చౌరస్తాలోనే ఉండిపోయాయి. కౌసల్యమ్మ మూట విప్పి ముద్దలు చేసి అరచేతుల్లో పెట్టింది. ముందు సైదులు చెయ్యి చాపాడు. తువ్వాలాయన కాసేపు అటు ఇటు చూసి, ఆకలికి పౌరుషమెక్కడిది, వచ్చి చాపాడు. ఎంగిలి అన్న ఆవిడ రెండోసారి కూడా వచ్చింది. తలుపు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ అమ్మాయికీ ఒక ముద్ద పోయింది.

బుచ్చమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. కౌసల్యమ్మ పిలవలేదు. ముద్దల వాసన గోడ దాకా పోతూనే ఉంది. మూట సగానికి తగ్గాక ముసలిదే ఇటు తిరిగింది.

"ఏందే, ఊరందరికి పెడుతున్నవు. నేను కనపడతలేనా?"

"ఎంగిలి చెయ్యి గద అత్తా."

"నోరు మూసుకుని పెట్టే."

"ముద్ద పెడత" అంది కౌసల్యమ్మ, పెద్ద ముద్ద చేసి ఆమె అరచేతిలో పెడుతూ. "నోరు మాత్రం ముయ్య."